పెద్దనాయన 35 సెంట్లు, 78 డిగ్రీల గీత

ఎడిటర్ గారికి నమస్కారం.

రీసర్వే మీద, పొలాల కొలతల మీద, చెరువుల హద్దుల మీద మీ పత్రికలో ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. ఎక్కువమంది సర్వేయర్‌ని తిడుతున్నారు, కొందరు రోవర్‌ని (పొలంలో పట్టుకు తిరిగే జీపీఎస్ కొలత యంత్రం), మిగిలినవాళ్లు పక్క పొలం వాడిని. వీళ్లలో ఎవరి తప్పూ లేకుండానే ఎకరాల లెక్క మారిపోయే దారి ఒకటుంది, దాని గురించి మాత్రం ఎవరూ రాయడం లేదు. నేను పదిహేనేళ్ల నుంచి జీఐఎస్ పని, అంటే కంప్యూటర్లో మ్యాపులు చేసే పని, చేస్తున్నాను, కాంట్రాక్టు మీదే లెండి, ఒక ఆఫీసు కాకపోతే ఇంకో ఆఫీసు. మాది కర్నూలు. ఉత్తరం కాస్త పొడుగైంది, కోసుకుంటే కోసుకోండి గానీ అంకెలు మాత్రం తీసేయకండి.

మా పెద్దనాయనకు కర్నూలుకు పడమటి పక్క ఊళ్లో 4 ఎకరాల 12 సెంట్ల పొలం ఉంది. పాస్‌బుక్‌లో అంతే, ఎఫ్‌ఎంబీలో (సర్వే వాళ్ల పొలం కొలతల పుస్తకం) అంతే, మా తాత కాలం నుంచీ అంతే. ఈమధ్య ఒక రోజు పొద్దున్నే, నేను ఇంకా కాఫీ కూడా తాగలేదు, చేతిలో కలర్ ప్రింటు పట్టుకుని వచ్చాడు. శాటిలైట్ బొమ్మ, దాని మీద ఎర్ర గీతతో మా పొలం, కింద పెద్ద అక్షరాలతో 4.47 ఎకరాలు. "ఏమిరా, నువ్వు చేసేది ఈ పనే కదా, చూడు, 35 సెంట్లు పక్కోడు తిన్నాడు" అన్నాడు. పక్కోడంటే ఎవరో కాదు, మాకు వరసకు మామ అయ్యేవాడు. పంచాయితీకి మనుషుల్ని కూడా మాట్లాడి పెట్టుకున్నాడు పెద్దనాయన.

ఆ ప్రింటు ఇచ్చింది మండలంలో నెట్ సెంటర్ నడుపుకునే కుర్రోడు. మోసం చేసే రకం కాదు, వీడియోలు చూసి క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్ నేర్చుకున్నాడు, నిజానికి మెచ్చుకోవాలి. ఫోన్ చేసి ఆ ఫైల్ పంపమంటే వాట్సాప్‌లో పంపాడు. తెరిచి లేయర్ ప్రాపర్టీస్ చూస్తే అనుకున్నదే, ఈపీఎస్‌జీ 3857 అనే కోడ్. అంటే వెబ్ మెర్కేటర్, గుండ్రటి భూమిని చదునుగా పరిచే ఒక పద్ధతి. ఫోన్లో, కంప్యూటర్లో మనం వేలితో జరుపుకుంటూ చూసే మ్యాపులన్నీ దాదాపుగా ఇందులోనే ఉంటాయి. ఖాళీ ప్రాజెక్టులో ముందుగా శాటిలైట్ బొమ్మ వేసుకుంటే సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు మొత్తాన్ని 3857లో పెట్టేస్తుంది. దాని మీద కొత్త లేయర్ చేసి, దానికీ ప్రాజెక్టు కోడే ఇచ్చి పొలం గీస్తే, ఆ లేయర్ కూడా 3857లోనే ఉంటుంది. ఆ పైన ఏరియా లెక్కగట్టమంటే గట్టేస్తుంది. ఎర్రర్ రాదు, టిక్ మార్కు వస్తుంది.

మెర్కేటర్ ఈ పద్ధతి 1569లో తయారుచేసింది ఓడలు నడిపేవాళ్ల కోసం. దిక్కు తప్పకుండా చూసుకోవడానికి బ్రహ్మాండంగా పనికొస్తుంది, విస్తీర్ణానికి పనికిరాదు. భూమధ్యరేఖ నుంచి దూరం జరిగేకొద్దీ అన్నిటినీ పెద్దవి చేసి చూపిస్తుంది. గ్రీన్‌లాండ్ ఆఫ్రికా అంత కనిపిస్తుందనే కథ అందరూ చెబుతారు, మన ఊళ్లో ఎకరం ఎంత కనిపిస్తుందో ఎవరూ చెప్పరు. కర్నూలు దగ్గర సుమారు 8.6 శాతం ఎక్కువ కనిపిస్తుంది. హైదరాబాద్‌కు వెళ్తే 10 శాతం దాటుతుంది, ఇచ్ఛాపురం వైపు ఇంకా ఎక్కువ, కుప్పం వైపు తక్కువ. మా పెద్దనాయన 4.12ని ఆ లెక్కన పెంచి చూడండి, సరిగ్గా 4.47 వస్తుంది. 35 సెంట్లు ఎవడూ తినలేదు, మెర్కేటర్ గారు పుట్టించారు.

అక్కడే, పెద్దనాయన పక్కన కూర్చుని చూస్తుండగానే, ఆ లేయర్‌ని యూటీఎం అనే ఇంకో పద్ధతి కోడ్‌లోకి (దాని సంగతి కింద చెబుతా) ఎక్స్‌పోర్ట్ చేసి మళ్లీ కొలిచాను. 4 ఎకరాల 13 సెంట్ల దగ్గరికి వచ్చింది. శాటిలైట్ బొమ్మ మీద మౌస్‌తో గీసిన గీతకు ఒకటి రెండు సెంట్లు అటూఇటూ ఎలాగూ ఉంటుంది కాబట్టి సంతోషించాల్సిన లెక్కే. ఆయన సంతోషించలేదు. "అయితే ఆ ఒక్క సెంటు ఎవరిది?" అన్నాడు. నవ్వొచ్చింది గానీ అది మంచి ప్రశ్నే, కాసేపట్లో దానికి వస్తాను.

అసలు ఇబ్బంది ఎక్కడుందంటే, భూమి గుండ్రంగా ఉంది, కాగితం చదునుగా ఉంది. చీనీకాయ తొక్కను బల్ల మీద చిరక్కుండా పరచడం ఎవరి వల్లా కాదు. ఎక్కడో ఒక చోట సాగదీయాలి, ఎలా సాగదీశామో చెప్పేది ప్రొజెక్షన్. దానికి ముందు ఇంకోటి ఉంది, అసలు భూమి సైజు ఎంత అనుకుని లెక్క మొదలుపెట్టాం, ఎక్కడి నుంచి మొదలుపెట్టాం అన్నది. అది డేటమ్. మా లైన్లో కొత్తగా చేరే పిల్లలను ప్రొజెక్షన్ ఏంటమ్మా అని అడిగితే ఠక్కున "డబ్ల్యూజీఎస్ 84 సార్" అంటారు. అది ప్రొజెక్షన్ కాదు, డేటమ్. ఆ తేడా చెప్పకుండానే ఒక్క పూట ట్రైనింగ్ ఇచ్చి, మండలానికి మండలం డేటా చేతిలో పెడుతున్నారు, తప్పు వాళ్లదని ఎలా అంటాం.

పొలాలకు, ఊళ్లకు మామూలుగా వాడేది యూటీఎం. భూమిని ఆరేసి డిగ్రీల చొప్పున 60 పట్టీలుగా కోసి, ఒక్కో పట్టీని విడిగా పరుస్తారు. మీటర్లలో కొలతలు వస్తాయి, సుఖంగా ఉంటుంది. తెలుగు నేల చాలామటుకు 44వ జోన్‌లో ఉంది, అంటే 78 నుంచి 84 డిగ్రీల తూర్పు రేఖాంశం దాకా. హైదరాబాద్, విజయవాడ, విశాఖ అన్నీ అందులోనే. అందుకని ఎవరో ఎప్పుడో "ఆంధ్రా తెలంగాణ అంటే 44" అని చెప్పేశారు, అందరూ అదే కొట్టేస్తున్నారు. కానీ 78 డిగ్రీల గీత మా కర్నూలు పట్టణానికి నాలుగు కిలోమీటర్ల పడమట పోతుంది. మహబూబ్‌నగర్ అయితే దాదాపు ఆ గీత మీదే కూర్చుంది. కోడుమూరు, ఆదోని, డోన్, గద్వాల, అనంతపురం, హిందూపురం, ఇవన్నీ 43. అటు చివర టెక్కలి, పలాస, ఇచ్ఛాపురం 84 దాటిపోయి 45లో ఉన్నాయి. ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే మూడు జోన్లు. ఒక్క మా జిల్లాలోనే రెండు.

దీని ఫలితం ఎలా ఉంటుందో చెబుతా. కొన్నేళ్ల కిందట ఒక ఆఫీసులో, పేరు వద్దు లెండి, నీటి వనరుల డేటా అంతా ఒక చోట చేర్చే పని పడింది. హంద్రీ మీది గాజులదిన్నె ప్రాజెక్టు బొమ్మ 43లో గీసి ఉంది. వచ్చిన ఫైల్ పక్కన ప్రశ్న గుర్తు, అంటే ఏ కోఆర్డినేట్ సిస్టమో రాసి లేదు. షేప్‌ఫైల్ (మ్యాపు గీతలు దాచే ఫైల్ రకం) అంటే ఒక ఫైల్ కాదు, నాలుగైదు ఫైళ్ల గుంపు. అందులో పీఆర్‌జే అని చిన్నది ఉంటుంది, అరచేతిలో పట్టేంత, ఒకటి రెండు లైన్ల టెక్స్ట్. సిస్టం పేరు ఉండేది దాన్లోనే. వాట్సాప్‌లో పంపేటప్పుడు సైజు తక్కువగా ఉంది కదా ఇదెందుకులే అని దాన్నే వదిలేస్తారు. మావాడొకడు ఆ ప్రశ్న గుర్తు మీద నొక్కి, అలవాటు ప్రకారం 44 ఇచ్చాడు. ప్రాజెక్టు మొత్తం, కట్టతో సహా, 640 కిలోమీటర్లు తూర్పుకు ఎగిరిపోయి బంగాళాఖాతం మధ్యలో తేలింది. ఇంకోడు దాన్ని సరిచేస్తానని అన్నిటికీ 43 కొట్టాడు, ఈసారి నంద్యాల వైపు చెరువులన్నీ గోవా దాటి అరేబియా సముద్రంలో పడ్డాయి. ఆ రోజు టెన్షన్‌లో భోజనం కూడా చేయలేదు మేము, ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది.

ఇక్కడ ఒక మాట ఈ పని చేసే పిల్లల కోసం రాస్తున్నా, మీ పాఠకుల్లో చాలామందే ఉంటారు. లేయర్‌కి సీఆర్‌ఎస్ (అదే, కోఆర్డినేట్ సిస్టం) సెట్ చేయడం వేరు, రీప్రొజెక్ట్ చేయడం వేరు. మొదటిది బస్తా మీద చీటీ అంటించడం. శేర్లతో కొలిచిన వడ్ల మీద కిలోలని చీటీ అంటిస్తే వడ్లు మారవు, కొన్నవాడు మునుగుతాడు. రెండోది శేర్లను కిలోల్లోకి నిజంగా లెక్కగట్టి మార్చడం. చీటీ ఊడిపోయినప్పుడు, లోపల ఏముందో ఖాయంగా తెలిస్తేనే మొదటిది వాడాలి. ఇంకోటి, క్యూజీఐఎస్‌లో ఏరియా రెండు రకాలుగా అడగొచ్చు. డాలర్ గుర్తు పెట్టి ఏరియా అంటే భూమి గుండ్రాన్ని లెక్కలోకి తీసుకుని చెబుతుంది, ప్రాజెక్టులో ఎలిప్సాయిడ్ (లెక్క కోసం అనుకున్న భూమి ఆకారం) సరిగా ఉంటే లేయర్ ఏ ప్రొజెక్షన్‌లో ఉన్నా జవాబు పెద్దగా మారదు. ఏరియా అని రాసి బ్రాకెట్లో జామెట్రీ ఇస్తే కాగితం మీద గీసినదాన్ని గీసినట్టు కొలుస్తుంది. మా నెట్ సెంటర్ కుర్రోడు వాడింది రెండోది. ఒక్క డాలర్ గుర్తు పెట్టి ఉంటే మా పెద్దనాయన, మామ ఇప్పటికీ మాట్లాడుకుంటూ ఉండేవాళ్లు.

డిగ్రీల్లో ఇంకో రకం తమాషా. గూగుల్ మ్యాప్స్‌లో అక్షాంశం ముందు, రేఖాంశం తర్వాత. గూగుల్ ఎర్త్ వాడే కేఎంఎల్ ఫైల్ లోపల రేఖాంశం ముందు. ఎక్సెల్‌లో రెండు కాలమ్‌లు తారుమారు చేసి హైదరాబాద్‌ని లోడ్ చేస్తే ఉత్తర ధ్రువం దగ్గర స్వాల్‌బార్డ్ దీవుల్లో పడుతుంది, ఎలుగుబంట్ల మధ్య. ఇంకా ఫీల్డ్ పుస్తకంలో 15 డిగ్రీల 49 నిమిషాల 30 సెకన్లు అని రాసుకొచ్చినదాన్ని 15.4930 అని టైపు చేసేవాళ్లు బోలెడంత మంది. అసలు విలువ 15.825. ఆ ఒక్క చుక్క దెబ్బకు పాయింట్ దాదాపు 37 కిలోమీటర్లు దక్షిణానికి జరుగుతుంది.

కానీ నిజం చెప్పాలంటే, ఈ పెద్ద తప్పులంటే నాకు భయం లేదు. ప్రాజెక్టు సముద్రంలో తేలితే గుడ్డివాడికైనా తెలుస్తుంది. చూడ్డానికి సరిగ్గా ఉన్నట్టుండే తప్పులే కొంపలు ముంచేది.

పాత టోపోషీట్లు, అంటే ఊళ్లు, కొండలు, చెరువులు గీసిన సర్వే ఆఫ్ ఇండియా మ్యాపులు, తీసుకోండి. మన దేశంలో మహా త్రికోణమితి సర్వే మొదలుపెట్టిన లాంబ్టన్ 1802లో మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర బయలుదేరాడు, 1811లో మా పక్కనున్న గుత్తి దగ్గర కూడా బేస్‌లైన్ కొలిచాడు. ఆయన తర్వాత వచ్చిన ఎవరెస్ట్ దొర 1830లో భూమి సైజు ఇంత అని లెక్క తేల్చాడు. ఇప్పుడు జీపీఎస్ వాడే సైజుకన్నా ఆ వ్యాసార్ధం 860 మీటర్లు తక్కువ. ఆ రోజుల్లో థియోడలైట్లు మోసుకుంటూ కొండలెక్కి చేసిన లెక్క అది, దండం పెట్టాలి. స్వాతంత్ర్యం వచ్చాక కూడా సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్లు చాలాకాలం ఆ పునాది మీదే వచ్చాయి. 2005 మ్యాప్ పాలసీతోనే ప్రజలకిచ్చే ఓపెన్ సిరీస్ మ్యాపులు డబ్ల్యూజీఎస్ 84లోకి, యూటీఎంలోకి మారాయి. ఇప్పుడు ఎవరైనా పాత టోపోషీట్ స్కాన్ చేసి, మూలల్లో ఉన్న డిగ్రీలనే డబ్ల్యూజీఎస్ అనుకుని టైపు చేస్తే, మొత్తం షీట్ మన దగ్గర వంద మీటర్లకు పైగా పక్కకు జరిగి కూర్చుంటుంది. రోడ్డు రోడ్డులాగే ఉంటుంది, చెరువు చెరువులాగే ఉంటుంది, అంతా కొంచెం జరిగి. పల్లెలో అయితే పోనీ అనుకోవచ్చు. నగరంలో చెరువు ఎఫ్‌టీఎల్ గీత (నిండినప్పుడు నీళ్లు వచ్చే హద్దు) వంద మీటర్లు జరిగితే ఒక కాలనీకి కాలనీ చెరువులోకి వస్తుంది, లేదంటే కబ్జా చేసినవాడు దర్జాగా బయటపడతాడు. అలాంటి ఓవర్‌లే ఒకటి నేనే చూశాను. దాన్ని చూపించి ఇద్దరు పెద్దమనుషులు అరగంట అరుచుకున్నారు. ఆ షీట్‌ని ఏ డేటమ్‌తో పెట్టారని అడిగితే ఇద్దరూ నన్ను వింతగా చూశారు.

ఎత్తుల సంగతి కూడా ఇంతే, రెండు ముక్కల్లో చెప్పి వదిలేస్తా. మన తీరంలో బీచ్‌లో నిలబడి రోవర్ ఎత్తు చూడండి, సముద్ర మట్టానికి పదుల మీటర్ల కింద ఉన్నట్టు చూపిస్తుంది. రోవర్ పాడవలేదు. అది కొలిచేది లెక్కలో అనుకున్న నున్నటి గుండు మీద నుంచి, సముద్ర మట్టం నుంచి కాదు.

ఇప్పుడు పెద్దనాయన ఒక్క సెంటు. పాత ఎఫ్‌ఎంబీ కొలతలు 66 అడుగుల గొలుసు పట్టి, లింకులు లెక్కబెట్టి, నేల మీద కొలిచినవి. వాటికి ప్రొజెక్షన్ బాధ లేదు. యూటీఎంలో మాత్రం, పట్టీ మధ్య గీత మీద దూరాలన్నీ కావాలనే కొంచెం తగ్గిస్తారు, 0.9996తో గుణిస్తారు, అంచులకు పోయేకొద్దీ అవి పెరుగుతాయి. 44వ జోన్ మధ్య గీత 81 డిగ్రీలు, ఏలూరు పక్క నుంచి పోతుంది. అక్కడ నేల మీద ఒక ఎకరం ఉంటే గ్రిడ్‌లో, అంటే యూటీఎం కాగితం మీద, దాదాపు 4 గజాలు తక్కువ చూపిస్తుంది. మా కర్నూలు అంచున ఉంది కాబట్టి ఎకరానికి 8 గజాలు ఎక్కువ చూపిస్తుంది. ఇటు నుంచి 43లో కొలిచినా, అటు నుంచి 44లో కొలిచినా ఇదే కథ, రెండిటికీ మాది అంచే. పెద్దనాయన నాలుగు ఎకరాల చిల్లరకు ఇది 33 గజాల పైమాట, ముప్పావు సెంటు దాకా. మిగతాది మౌస్ చేతివాటం. సెంటు 48 గజాలు, పొలంలో 33 గజాలు అంటే నవ్వేస్తారు. అదే టౌన్ పక్కన ప్లాట్లేసే భూమైతే, ఎకరానికి 8 గజాల మీద కోర్టుకెక్కే మనుషులు నాకు తెలుసు. దీనికి మందు లేదని కాదు, స్కేల్ ఫ్యాక్టర్‌తో సరిచేయొచ్చు, లేదా ఎలిప్సాయిడ్ మీద ఏరియా కట్టొచ్చు. కట్టినవాడు ఏది కట్టాడో కాగితం మీద రాయాలి, అంతే నేను అడిగేది.

2020 డిసెంబర్‌లో మన రాష్ట్రంలో డ్రోన్లు, కార్స్ స్టేషన్లు (రోవర్ లెక్కను సరిచేసే స్థిరమైన జీపీఎస్ కేంద్రాలు), రోవర్లతో రీసర్వే మొదలైంది, సెంటీమీటర్లలో కొలిచామని చెప్పుకున్నాం, మంచిదే. 2021లో కేంద్రం మ్యాపింగ్ మీద ఆంక్షలు సడలించింది, 2022లో జాతీయ జియోస్పేషియల్ పాలసీ వచ్చింది, ఇప్పుడు లాప్‌టాప్ ఉన్న ప్రతివాడూ మ్యాపు చేస్తున్నాడు, అదీ మంచిదే. కానీ జనం చేతికొచ్చే బొమ్మల్లో నేను చూసినవి చాలావాటి మీద ఉత్తరం గుర్తు ఉంటుంది, రంగులుంటాయి, ఆఫీసు లోగో ఉంటుంది, డేటమ్ ఏది, జోన్ ఎంత, ఏరియా నేల మీదిదా గ్రిడ్‌దా అన్న ఒక్క లైను ఉండదు. సర్కారు ఆఫీసైనా ప్రైవేటు సర్వేయరైనా నెట్ సెంటరైనా, ఆ లైను లేని బొమ్మకు విలువ లేదని రూలు పెట్టమనండి. రాష్ట్రం మొత్తానికి ఒకే మ్యాపు కావాల్సినప్పుడు మూడు జోన్లను బలవంతంగా 44లోకి తోసేయకుండా లాంబర్ట్ కోనిక్ అనే ప్రొజెక్షన్ వాడమనండి, దేశం మొత్తానికి 7755 అనే కోడ్ ఉండనే ఉంది. సచివాలయాల్లో ఉన్న సర్వేయర్ పిల్లలకు ఇది ఇంగ్లీషు స్లైడ్లలో కాకుండా తెలుగులో, వాళ్ల మండలం డేటాతోనే, తప్పు చేయించి మరీ నేర్పమనండి. ఒకసారి తమ ఊరిని తామే సముద్రంలో పడేసినవాడు జన్మలో మర్చిపోడు.

మీ పత్రికకు కూడా ఒక మనవి. చెరువు ఇన్ని ఎకరాలు తగ్గింది, ఇన్ని ఎకరాలు పెరిగింది అని శాటిలైట్ బొమ్మతో వార్త వేసేటప్పుడు, రెండు బొమ్మల్నీ ఒకే పద్ధతిలో కొలిచారా అని పంపినవాళ్లని ఒక్క మాట అడగండి. చెప్పలేకపోతే ఆ అంకె ఆ రోజుకు ఆపండి.

పెద్దనాయన ప్రింటు వెనకాల నేనే పెన్నుతో రాసిచ్చాను, "డబ్ల్యూజీఎస్ 84, యూటీఎం 43 ఉత్తరం, ఈపీఎస్‌జీ 32643, గ్రిడ్ మీద కొలిచినది" అని. ఆయనకు ఒక్క ముక్కా అర్థం కాలేదు, అయినా మడిచి పాస్‌బుక్‌లో పెట్టుకున్నాడు. పంచాయితీ మనుషులకు కాఫీ డబ్బులిచ్చి పంపేశారట. మర్నాడు సాయంత్రం మామ వచ్చాడు మా ఇంటికి, ఆయన చేతిలోనూ అదే నెట్ సెంటర్ ప్రింటు ఉంది, ఆయన పొలమూ పెరిగింది.

ఇట్లు,
ఒక జీఐఎస్ ఆపరేటర్,
కర్నూలు